దేవదాసు ఎవరిని మోసం చేశాడు?

ఈ నెల పాత సినిమా పాఠం నా వంతు. సినిమా పేరు చెప్పగానే సగం మంది ట్యాబ్ మూసేస్తారని తెలుసు, అయినా చెప్తున్నా: దేవదాసు, 1953. "చూశాంలే" అనుకునేవాళ్ళలో ఎక్కువమంది చూసింది యూట్యూబ్‌లో నాలుగు పాటలు, ఒక మీమ్, 'మహానటి'లో ఒక ముక్క. నేను మూడు గంటల పైచిలుకు సినిమా మొత్తం రెండుసార్లు చూశాను. మొదటిసారి చూశాక నా రివ్యూ ఒక్క మాట: "ఇంతేనా?"

ఆ "ఇంతేనా" మీదే ఈ పాఠం. గొప్ప సినిమా అని అందరూ అనే సినిమా మనకి ఎక్కకపోతే రెండు దారులుంటాయి. మనకే టేస్ట్ లేదని సిగ్గుపడి ఊరుకోవడం ఒకటి, "ఓవర్‌రేటెడ్" అని స్టేటస్ పెట్టి ఊరుకోవడం రెండోది. మూడో దారి ఇంకోటుంది. ఎక్కడ ఎక్కలేదో, ఎక్కడ ఎక్కిందో సీను సీనుకీ రాసుకోవడం. నేను అదే చేశాను.

ముందు వివరాలు. ఇవి క్విజ్‌లో కూడా పనికొస్తాయి. శరత్ చంద్ర చటోపాధ్యాయ బెంగాలీ నవల 'దేవదాస్' 1917లో పుస్తకంగా వచ్చింది. శరత్ దాన్ని కుర్రతనంలోనే రాసి చాలా ఏళ్ళు అచ్చుకివ్వకుండా ఉంచాడు. 1935లో పి.సి. బారువా బెంగాలీలో తీశాడు, హీరో కూడా ఆయనే. మరుసటి ఏడు హిందీలో సైగల్. మన దేవదాసు 1953 జూన్‌లో విడుదలైంది. వినోదా వారి సినిమా, నిర్మాత డి.ఎల్. నారాయణ, దర్శకుడు వేదాంతం రాఘవయ్య. రాఘవయ్య గారు కూచిపూడి నాట్యం నుంచి వచ్చినవారు. మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్య. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్, పని పూర్తికాకుండానే ఆయన చనిపోతే విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. అదే ఏడాది తమిళంలో కూడా వచ్చింది. దిలీప్ కుమార్ హిందీ దేవదాస్ దీని తర్వాతదే, 1955.

మనవైపు వాళ్ళకి ఇందులో కొంచెం సొంత గర్వం కూడా ఉంది. నాగేశ్వరరావు గారి ఊరు రామాపురం, గుడివాడ దాటాక నందివాడ మండలం. అక్కడి నుంచి కొల్లేరు పెద్ద దూరమేం కాదు. దేవదాసు తండ్రి జమీందారుగా వేసిన ఎస్.వి. రంగారావు గారు పుట్టింది నూజివీడులో. అది 2022 నుంచి ఏలూరు జిల్లాలోనే ఉంది కాబట్టి ఇప్పుడు అధికారికంగా మనవాడే. మా తాడేపల్లిగూడెం వాళ్ళకి పాత సినిమా అనగానే ముందు రేలంగి గారు గుర్తొస్తారు. ఊళ్ళో సినిమా హాలు కట్టించి, చివరి రోజులు ఇక్కడే గడిపారు మరి. ఈ సినిమా సెకండాఫ్ చూస్తున్నప్పుడు ఆయన ఒక్క సీన్లోనైనా నడుచుకుంటూ వస్తే బాగుండు అని నిజంగా అనిపించింది.

కథ అందరికీ తెలుసు అనుకుంటాం కానీ అడిగితే చాలామంది ఇలా చెప్తారు: "ఇద్దరు ప్రేమించుకున్నారు, పెద్దలు విడదీశారు, అమ్మాయి డబ్బున్నోణ్ణి చేసుకుంది, వాడు తాగి చచ్చిపోయాడు." మా క్లాసులో పదిమందిని అడిగితే ఏడుగురు దాదాపు ఇదే చెప్పారు. ఒకడైతే "అమ్మాయి మోసం చేసింది" అని కూడా కలిపాడు. ఈ మాట దగ్గరే నాకు పేచీ.

ఎందుకంటే ఇది ఉత్త సినిమా సంగతి కాదు. మా హాస్టల్లో నా రూమ్మేట్ పోయిన సెమ్‌లో ఒక బంధం తెంచుకుంది (తనని అడిగి, పేరు లేకుండా రాస్తానని చెప్పే రాస్తున్నాను). ఏడాదిన్నర ఆగింది. "ఇంట్లో ఎప్పుడు చెప్తావ్?" అని అడిగినప్పుడల్లా అతను సంక్రాంతికి అన్నాడు, సెమ్ అయ్యాక అన్నాడు, అక్క పెళ్ళయ్యాక అన్నాడు. చివరికి ఇంట్లో ఒప్పుకోరు, నువ్వు ఇంకెవరినైనా చూసుకో అని మెసేజ్ పెట్టాడు. తను సరే అంది. నెల తర్వాత అతను మళ్ళీ వచ్చాడు. తను వద్దంది. అంతే, వారంలో గడ్డం పెరిగింది, ప్రొఫైల్ ఫోటో నలుపైంది, వాళ్ళ గ్రూపులో పేరు మారిపోయింది: దేవదాసు. దేవదాసు అన్నాక కథలో మోసం చేసినవాళ్ళు ఒకరుండాలి కదా. ఆ ఖాళీలో నా రూమ్మేట్ పేరు పెట్టారు. తను ల్యాబ్‌లోకి వస్తే వెనక బెంచీల నుంచి ఆ పాట హమ్ చేసేవాళ్ళు. రెండు నెలలు తను క్యాంటీన్‌కి రాలేదు, నేనే పార్సిల్ తెచ్చేదాన్ని.

అందుకే రెండోసారి సినిమా చూస్తున్నప్పుడు పక్కన నోట్‌బుక్ పెట్టుకున్నాను. మనం ప్రోగ్రామ్ ఎక్కడ తప్పిందో తెలియకపోతే ఏం చేస్తాం? లాగ్ చూస్తాం. ఏ టైముకి ఎవరు ఏం చేశారు, అంతే. ఫీలింగ్స్ రాయకూడదు, క్రియలు మాత్రమే రాయాలి. తెలుగులో క్రియ ఎలాగూ వాక్యం చివర వస్తుంది కాబట్టి తప్పించుకోలేం.

లాగ్ ఇలా వచ్చింది. పార్వతికి సంబంధాలు చూస్తున్నారు. దేవదాసు ఇంటికి కబురు వెళ్తే అంతస్తు తక్కువని కాదన్నారు. పార్వతి తండ్రికి పౌరుషం వచ్చి అంతకన్నా పెద్దింటి సంబంధం తెస్తానన్నాడు. అప్పుడు ఒక రాత్రి పార్వతి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్ళింది. ఎవరైనా చూస్తే తన బతుకు ఏమవుతుందో తెలిసే వెళ్ళింది. నేరుగా అడిగింది. దేవదాసు తటపటాయించాడు. తండ్రి ముందు నిలబడ్డాడు, తండ్రి గర్జించాడు, దేవదాసు పట్నం వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ఉత్తరం రాశాడు. నన్ను మరచిపో అని దాని సారాంశం. తర్వాత మనసు మార్చుకుని తిరిగి వచ్చాడు. పార్వతి వద్దంది. నీకు తల్లిదండ్రులున్నట్టే నాకూ ఉన్నారు, నీకు పరువున్నట్టే మాకూ ఉంది అనే ధోరణిలో మాట్లాడింది. దేవదాసు కొట్టాడు. నుదుటి మీద గాయమైంది. పార్వతి ఆ మచ్చతోనే పెళ్ళి పీటల మీద కూర్చుంది.

ఇంతవరకు సినిమా నాకు బాగా నచ్చింది, దాపరికం లేకుండా చెప్తున్నా. రంగారావు గారు నిలబడితే గది చిన్నదైపోతుంది. ఆ తండ్రి ముందు కొడుకు ఎందుకు నోరు విప్పలేడో డైలాగ్ లేకుండానే అర్థమవుతుంది. సావిత్రికి అప్పటికి ఇరవై కూడా లేవు, అంటే మన బ్యాచ్ వయసే. ఉత్తరం తర్వాత దేవదాసు ఎదురుపడ్డప్పుడు ఆమె మొహంలో కోపం, ప్రేమ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి. ఆ సీన్ పాజ్ చేసి చూశాను.

ఇప్పుడు చెప్పండి, మోసం అనే మాట ఏ లైనుకి అంటించాలి? ఇంటికొచ్చి అడిగిన అమ్మాయికా, ఉత్తరం రాసి వెళ్ళిపోయినవాడికా?

దీనికి మా క్లబ్‌లోనే ఒకతను అడ్డు చెప్పాడు. "అది జమీందారీ కాలం, తండ్రి మాట కాదంటే అన్నం కూడా దొరకదు, మన లెక్కలు అప్పటికి వేయకూడదు" అని. సగం ఒప్పుకుంటాను. దేవదాసు దుర్మార్గుడు కాదు, పిరికివాడు. పిరికితనానికి కారణం కూడా సినిమా చూపించింది. కానీ అదే కాలం పార్వతికీ ఉంది కదా. ఆస్తి లేదు, చదువు లేదు, పట్నంలో గది లేదు, భగవాన్ లాంటి స్నేహితుడూ లేడు (పేకేటి శివరాం గారు బాగా చేశారు ఆ పాత్ర). ఇన్ని లేని మనిషి రాత్రిపూట నడిచి వచ్చి అడగగలిగింది. కాలాన్ని తప్పు పట్టాలంటే ఇద్దరికీ ఒకే స్కేలు పెట్టాలి.

ఇక నిరాశ సంగతి. పెళ్ళి తర్వాత సినిమా మొత్తం దేవదాసు వెంటే వెళ్తుంది, నా నోట్‌బుక్‌లో మాత్రం దేవదాసు కాలమ్ ఖాళీ. తాగాడు. దగ్గాడు. తాగాడు. మానేస్తానన్నాడు. తాగాడు. నాగేశ్వరరావు గారి నటనకి వంక పెట్టడంలేదు. చుక్క తాగకుండా, రాత్రిళ్ళు షూటింగ్ పెట్టుకుని కళ్ళు బరువెక్కేలా చేసుకుని ఆ సీన్లు చేశారని ఆయనే చెప్పుకున్నారు. అది కష్టమే. కానీ ఒకే స్థితిలో ఉన్న మనిషిని గంటన్నర చూడటం కూడా కష్టమే. మూడో తాగుడు సీనుకి నేను ఫోన్ చూసుకున్నాను. ఏడు దశాబ్దాలుగా జనం ఏడ్చిన చోట నాకు ఏడుపు రాలేదు, "లేచి ఏదో ఒకటి చెయ్యి బాబూ" అనిపించింది.

అదే టైములో ఆడవాళ్ళ కాలమ్స్ చూడండి. పార్వతి తన తండ్రి వయసున్న జమీందారుని చేసుకుని (సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారు వేశారు), ఈడొచ్చిన సవతి పిల్లలున్న ఇంట్లో అడుగుపెట్టింది. వాళ్ళని గెలుచుకుంది. ఇల్లు నడిపింది. దేవదాసు తాగుతున్నాడని విని, కదిలి వచ్చి, మానమని అడిగింది. చంద్రముఖి (లలిత) అతన్ని చూశాక తన వృత్తి వదిలేసింది. వెతికింది. జబ్బుపడినవాణ్ణి తెచ్చి సేవ చేసింది. వీళ్ళ ఒక్కో పని ఒక్కో సినిమాకి సరిపోతుంది. కానీ ఇవన్నీ చకచకా అయిపోతాయి, కెమెరా మళ్ళీ సీసా దగ్గరికి వెళ్ళిపోతుంది. సవతి కూతురు మొదట మొహం తిప్పుకుని, తర్వాత అమ్మలా చూడటం మొదలుపెడుతుంది కదా, ఆ మధ్యలో ఏం జరిగింది? నేను చూడాలనుకున్న సినిమా అది. దాన్ని రెండు మూడు సీన్లలో సర్దేశారు.

మరి లాగ్ ఇంత స్పష్టంగా ఉంటే లోకం మొత్తం దేవదాసు వైపు ఎందుకు నిలబడింది? నాకు దొరికిన జవాబు సింపుల్. పాటలు ఎవరికిచ్చారో చూడండి. దుఃఖపు పాటల్లో గుర్తుండిపోయేవన్నీ ఘంటసాల గొంతులో దేవదాసువే. తాగిన మనిషి నాలుక మడతపడటం, నవ్వు మధ్యలో ఏడుపు, దగ్గు, అన్నీ ఆ గొంతులో ఉన్నాయి. ఆ గొంతు విన్నాక ఎవడు లాగ్ చూస్తాడు? వాదన అవసరంలేదు, కేసు గెలిచినట్టే. పార్వతికీ ఒక విషాద గీతం ఉంది. కె. రాణి పాడారు. చాలా మంచి పాట. మన ఫెస్ట్‌లో ఓల్డ్ మెలొడీస్ రౌండ్‌లో మూడేళ్ళ లిస్టు తిరగేశాను, దేవదాసు పాటలు నాలుగుసార్లు పాడారు, అది ఒక్కసారీ లేదు.

మా అమ్మమ్మది కైకలూరు అవతల కొల్లేటి పల్లె. ఈ సినిమా విడుదలైన ఏడాదే పుట్టింది. తర్వాతెప్పుడో మళ్ళీ ఆడినప్పుడు పడవ, బస్సు మారి వెళ్ళి చూసిందట. ఫోన్లో అడిగాను, "అమ్మమ్మా, దేవదాసు అయిపోయాడు అంటారు గానీ పార్వతి అయిపోయింది అని ఎవరూ అనరేం?" అని. ఆమె చేపలు శుభ్రం చేస్తోంది, స్పీకర్‌లో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"వాడు పని మానేసి ఏడ్చాడు, ఊరంతా చూసింది, పేరొచ్చింది. ఆ పిల్ల ఏడుస్తా కూర్చుంటే ఆ ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తారే?"

"మరి నీకు జాలెవరి మీద వేసింది?"

"అప్పట్లో వాడి మీదే ఏసింది. నాగేస్రావు కదా." కాసేపు ఆగి, "పెళ్ళయ్యి ఇద్దరు పిల్లలు పుట్టాక టీవీలో ఏశాడు. అప్పుడు మాత్రం ఆ ఉత్తరం కాడ ఒళ్ళు మండిందమ్మడూ" అంది.

అమ్మమ్మ ఐదో క్లాసు. నేను మూడు పేజీల్లో చెప్పింది రెండు ముక్కల్లో తేల్చేసింది. కొంచెం కుళ్ళు వచ్చింది కూడా.

ఇదే కథని వేరేలా చెప్పొచ్చా అని వెతుకుతుంటే ఒక చైనా సినిమా దొరికింది. మన దేవదాసు కన్నా ఐదేళ్ళు ముందు, 1948లో ఫెయ్ ము అనే దర్శకుడు తీసిన 'స్ప్రింగ్ ఇన్ ఎ స్మాల్ టౌన్'. 2005లో హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల వాళ్ళు వంద ఉత్తమ చైనా సినిమాలు ఎంచితే మొదటి స్థానం దీనికే ఇచ్చారు. అందులోనూ పాత ప్రేమే. యుద్ధంలో సగం కూలిన ఇల్లు, జబ్బు భర్త, భార్య పేరు యువెన్. ఒకరోజు భర్త పాత స్నేహితుడు, డాక్టరు, ఇంటికొస్తాడు. అతను ఒకప్పుడు యువెన్ ప్రేమించినవాడు. అంతే కథ. ఎవరూ పారిపోరు, అరుపులుండవు. మరదలి పుట్టినరోజున అందరూ తాగే సీన్ ఒకటుంది. అక్కడ భార్య మొహంలో వెలుగు చూసి భర్తకి విషయం అర్థమైపోతుంది. తాగుడు సీన్ అంటే ఒకటి చాలు, దానివల్ల కథలో ఏదో ఒకటి కదలాలి అని నాకు అక్కడే తెలిసింది.

నిజం చెప్పాలంటే ఆ సినిమా కూడా నన్ను పడేసిందని చెప్పలేను. నెమ్మది, చాలా నెమ్మది. వంద సినిమాల్లో మొదటిదా అని రెండుసార్లు గూగుల్ చేసి కన్ఫర్మ్ చేసుకున్నా. కానీ ఒక విషయంలో దేవదాసుకి అది జవాబు. కథ మొత్తం యువెన్ గొంతులో నడుస్తుంది. వెనక నుంచి వినిపించే మాటలు ఆమెవే. కోరిక ఆమెది, సంకోచం ఆమెది, చివరికి ఉండిపోవడం కూడా ఆమె నిర్ణయమే. ఇప్పుడు మన సినిమాని అలా ఊహించండి. సీన్లు మార్చక్కర్లేదు, డైలాగులు మార్చక్కర్లేదు. వెనక నుంచి పార్వతి గొంతు పెట్టండి చాలు. రాత్రి గదికి నడిచేటప్పుడు ఆమె ఏం అనుకుంది? ఉత్తరం విప్పినప్పుడు? అద్దంలో మచ్చ చూసుకున్నప్పుడు? అలా చేస్తే దేవదాసు పాత్ర చిన్నదేమీ అవదు. ఆమె ప్రేమించినవాడిగా కనిపిస్తాడు, ఉత్త తాగుబోతుగా కాదు.

1974లో విజయనిర్మల గారు కృష్ణ గారితో దేవదాసు మళ్ళీ తీశారని తెలిసినప్పుడు నాకు ఆశ పుట్టింది, దర్శకురాలు ఆడమనిషి కదా అని. పేరు మాత్రం అదే ఉంచారు. 1978లో దాసరి గారు 'దేవదాసు మళ్ళీ పుట్టాడు' తీశారు. దేవదాసు మళ్ళీ మళ్ళీ పుడుతూనే ఉన్నాడు, పార్వతి పేరుతో టైటిల్ నాకైతే కనబడలేదు.

మా రూమ్మేట్‌తో కూర్చుని ఆఖరి అరగంట మళ్ళీ చూశాం. చనిపోయే ముందు ఒక్కసారి నీ గుమ్మానికి వస్తానని దేవదాసు మాటిచ్చాడు. ఆ ఒక్క మాటా నిలబెట్టుకున్నాడు. వానలో ఎద్దుబండి, దగ్గు, ఎంతకీ రాని ఊరు. ఈ భాగం మాత్రం సెకండాఫ్‌లో అన్నిటికన్నా బాగుంది, ఎందుకంటే చాలాసేపటికి అతను ఏదో ఒకటి చేస్తున్నాడు: ప్రయాణం చేస్తున్నాడు. తెల్లారి గేటు బయట పడున్నది ఎవరో లోపల తెలిసేసరికి పార్వతి పరిగెత్తింది. కోడలిగా, తల్లిగా, యజమానురాలిగా అన్నేళ్ళు నడిచిన మనిషి అందరూ చూస్తుండగా పరిగెత్తింది. తలుపులు మూసేశారు.

"ఈ సినిమాలో ఆమె గుమ్మం దాటడం రెండోసారి కదా ఇది," అంది రూమ్మేట్. "మొదటిసారి తలుపు తీసే ఉంది. లోపలున్నవాడే ఏం చెప్పలేదు." నా నోట్‌బుక్ తీసుకుని ఆ రెండు లైన్ల మధ్య గీత కలిపింది.

వచ్చే శనివారం సాయంత్రం సెమినార్ హాల్లో ప్రింట్ వేస్తున్నాం, సౌండ్ కొంచెం గరగర ఉంటుంది, సర్దుకోండి. పెన్ను, కాగితం తెచ్చుకుని మూడు కాలమ్స్ గీసుకోండి: పార్వతి, చంద్రముఖి, దేవదాసు. క్రియలు మాత్రమే రాయండి. సెకండాఫ్ మధ్యలో టీకి వెళ్ళినా ఏం పోదు, నేనూ వస్తా. కె. రాణి పాట వచ్చేసరికి మాత్రం అందరూ లోపల ఉండాలి.